అమ్మ ఎత్తుకున్న పాట

మా కంపెనీలో మాట్లాడకూడదు, పాడొచ్చు. మాట్లాడితే చేతులు ఆగుతాయి, పాడితే పరిగెడతాయి అని తెల్ల మేస్త్రీ నమ్మకం. నూట ఇరవై మంది నల్ల ఆడవాళ్ళం పొడుగాటి బల్లల ముందు కూర్చుని పొగాకు ఈనె తీసేవాళ్ళం. ఆకు కొస పట్టుకుని నడిమి ఈనెను ఒక్క ఊపులో ఊడదీసి, ఆకు ఇటు, ఈనె అటు. వర్జీనియాలో మా వేరింగ్టన్ లాంటి ఊళ్ళలో నల్లపిల్లకి పదేళ్ళు వచ్చేసరికి ఆ పని వచ్చేసేది, దాంతోపాటు పాటా వచ్చేసేది.

పాట ఎప్పుడూ మా అమ్మే ఎత్తుకునేది. ఆమె పేరు జిప్పోరా టాలివర్. చర్చి మొత్తానికి కీర్తనల పుస్తకం ఒక్కటే ఉన్న రోజుల నుంచీ మావాళ్ళ పద్ధతి ఒకటుంది. ఒకరు ఒక వరస పాడి ఆగుతారు. మిగిలినవాళ్ళు అదే వరస అందుకుని సాగదీస్తారు. ఎత్తుకున్న మనిషి ఊపిరి తీసుకునే ఆ ఒక్క క్షణంలో అందుకోకపోతే, ఇంటికొచ్చిన మనిషి మొహం మీద తలుపేసినట్టే. మేం నడక నేర్చినప్పుడే అదీ నేర్చాం. జ్వరంతో ఉన్నా, నిద్ర ముంచుకొస్తున్నా, అమ్మ ఆగిందంటే నా నోరు దానంతటదే తెరుచుకునేది.

పంతొమ్మిది వందల ఇరవై ఆగస్టు ఆఖరులో ఆడవాళ్ళకి ఓటొచ్చిందన్న కబురు మా బల్ల దగ్గరికి వచ్చింది. తెచ్చింది పర్లీ పిన్ని. చుట్టరికం ఏమీ లేదు, అమ్మకి పక్క పీట మనిషి, నోరు ఊరుకోని మనిషి. పొగాకు దుమ్ముకి అడ్డంగా ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, "ఆడదన్న ప్రతిదానికీ అంట" అంది.

"మనలాంటి వాళ్ళక్కూడానా?" అంది ఎదురు బల్ల నుంచి ఎవరో.

"మనం ఆడాళ్ళం కాదేంటే? నన్ను చూస్తే నీకు అనుమానమొచ్చిందా?"

బల్లంతా నవ్వింది. మేస్త్రీ ఇటు తిరిగాడు. అమ్మ వెంటనే కీర్తన ఎత్తుకుంది, మేమంతా బుద్ధిమంతుల్లా అందుకున్నాం.

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మ మొక్కజొన్న రొట్టె ముక్క చేతిలో పట్టుకుని కూర్చుంది. తరవాత అంది, "మీ నాన్న పేరు ఉండేదే ఆ పుస్తకంలో."

నాకు తెలుసు. మా నాన్న పద్నాలుగేళ్ళు ఓటేశాడు. నాకు నాలుగేళ్ళప్పుడు కొత్త చట్టమొచ్చింది, దాంట్లో ఒక ముక్క చదివి అర్థం చెప్పమన్నారట. ఏం చెప్పినా తప్పేనన్నారట. ఓటర్ల పుస్తకంలో అబ్సలోం టాలివర్ అన్న పేరు మీద ఆయన కళ్ళెదుటే గీత కొట్టారు. ఆ తరవాత ఆయన బతికిన ఆరేళ్ళలో కోర్టు ఉన్న వీధిలో నడవలేదు.

"ఆ పేరు మళ్ళీ ఆ పుస్తకంలోకి ఎక్కించాలే హెస్టీ" అంది అమ్మ. "ఓటు ఎవరికేస్తానో తరవాత చూసుకుంటా. ముందు పేరు పడాలి."

"ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు ఎక్కిస్తాంలే అమ్మా."

ఆమె నావైపు చూసి దగ్గింది. కావాలని దగ్గలేదు, దగ్గొచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ళు పొగాకు దుమ్ము పీల్చిన దగ్గు అది. వచ్చే ఏడు అన్న మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

పేర్లు ఎక్కించుకోవడానికి అక్టోబరు రెండో తారీకు ఆఖరు. చర్చి కింది గదిలో మా నల్లపిల్లల బడి నడిపే అర్మింటా క్రూ టీచరమ్మ మాకు పాఠాలు పెట్టింది. కోర్టులో ఏం జరుగుతుందో దాచకుండా చెప్పింది.

"మీ ముందు ఒక తెల్లకాగితం పెడతారు. ఖాళీ కాగితం. ప్రశ్నలేవీ ఉండవు. ఎనిమిది సంగతులు మీ అంతట మీరే, మీ చేత్తో, ఆ వరసలోనే రాయాలి. పేరు, వయసు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, ఉంటున్న ఇల్లు, చేస్తున్న పని, రెండేళ్ళ కిందట ఎక్కడున్నారు ఏం చేశారు, ఇదివరకు ఓటేశారా లేదా. ఒక్కటి తప్పినా ఇంటికే. ఎవరూ అందించకూడదు, ఏ చీటీ చూడకూడదు, ఎవరి సాయమూ ఉండకూడదు."

"పుట్టిన తేదీ ఎవడికి తెలుసు?" అంది పర్లీ పిన్ని. "నేను పుట్టినప్పుడు మా అమ్మ చేలో ఉంది, కాలెండరు దగ్గర కాదు."

"ఒక తేదీ అనుకుని దాని మీదే ఉండండి."

అమ్మ మార్చి పన్నెండు అనుకుంది. బానిసల్ని విడిపించిన యుద్ధం ముగిసిన ఏడు, పొగాకు నారు పోసే రోజుల్లో పుట్టిందని మాత్రమే ఆమెకి తెలుసు. యాభై ఐదేళ్ళకి సొంతంగా ఒక పుట్టినరోజు దొరికిందని ఆ రాత్రంతా మురిసిపోయింది.

అమ్మకి రాయడం వచ్చు. యాభై దాటాక చర్చిలో నేర్చుకుంది. ఒక్కో అక్షరాన్నీ కుండ దింపినంత జాగ్రత్తగా దింపేది. కష్టమల్లా వరసతోనే. ఐదు దాకా బాగానే వచ్చేది, ఆరు దాటితే తెల్లకాగితం ఆమెని మింగేసేది. "ఎదురుగా ఏమీ లేకపోతే ఎక్కడికని పోనే?" అనేది దిగులుగా. మా వాళ్ళలో సగం మంది గతి అదే.

సెప్టెంబరు రెండోవారంలో ఒక రోజు బల్ల దగ్గర అమ్మ గుడ్డ కిందికి లాగి పాట ఎత్తుకుంది. రాగం మేం ఎప్పుడూ చావులకి పాడే నిదానమైన కీర్తనదే. మాటలు మాత్రం కొత్తవి.

"నా పేరూ..." అని సాగదీసి ఆగింది.

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నోళ్ళు మాత్రం ఆగలేదు. నూట ఇరవై మందీ "నా పేరూ..." అని అందుకున్నారు.

"నా వయసూ..."

పర్లీ పిన్నికి నవ్వాగక ఆకు చింపేసింది. మేస్త్రీ మాటలు వినేవాడు కాదు, చేతులు చూసేవాడు. ఆ రోజు మేం రోజూకన్నా నాలుగు బుట్టలు ఎక్కువ నింపామని మెచ్చుకున్నాడు కూడా. మూడు వారాలు, రోజుకి పదిసార్లు, ఎనిమిది వరసలు. కళ్ళు మూసుకుంటే చాలు, ఆకు తరవాత ఆకులా ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. ఇరవై రెండేళ్ళదాన్ని, ఆరో తరగతి చదివినదాన్ని, నాకు ఆ పాట అవసరం లేదు. అయినా అందరికన్నా గట్టిగా నేనే పాడేదాన్ని.

*

బుధవారం సాయంత్రాలు ఎథరిడ్జ్ దొరసాని ఇంట్లో ఇస్త్రీకి వెళ్ళేదాన్ని. ఊళ్ళో ఆడవాళ్ళ ఓటు కోసం తిరిగిన తెల్లవాళ్ళందరికీ ఆవిడ పెద్ద. నాలుగేళ్ళుగా ఆవిడ ఊరేగింపులకి వేసుకున్న తెల్లగౌన్లన్నీ నా చేతిమీదుగానే వెళ్ళాయి. గౌను మీద అడ్డంగా వేసుకునే పసుపు పట్టీలు కూడా. వాటిమీద 'ఆడవాళ్ళకి ఓటు' అని కుట్టి ఉండేది. తెల్ల ఆడవాళ్ళకి అని మాత్రం ఏ పట్టీ మీదా లేదు. ఇస్త్రీ చేసినదాన్ని, నాకు తెలియదా?

సెప్టెంబరు నెలాఖరులో ఇస్త్రీపెట్టె పొయ్యి మీద పెట్టి, గుండె చిక్కబట్టుకుని అడిగేశాను.

"అమ్మగారూ, కోర్టులో మీకు పైన మూడు బల్లలు వేశారు. మాకు కింద గదిలో ఒకటే. మొన్న ముప్పై మందిమి పొద్దున్నుంచి నిలబడితే నలుగురిని పిలిచి తలుపేసుకున్నారు. మీరొక్కసారి వస్తే..."

"నేనొచ్చి ఏం చెయ్యను?"

"ఏమీ చెయ్యక్కర్లేదండి. ఊరికే కూర్చోండి. మీరు చూస్తున్నారంటే వాళ్ళు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు."

దొరసాని చేతిలో కప్పు కింద పెట్టింది. చెడ్డ మనిషి కాదు ఆవిడ. చెడ్డదైతే నాకిప్పుడు చెప్పడం తేలికయ్యేది.

"చూడు హెస్టర్, ఈ ఓటు కోసం మేం ఎన్ని గడపలెక్కామో నీకు తెలీదు. ఎక్కిన ప్రతి గడపలోనూ ఒకటే అడిగారు, మరి నల్లవాళ్ళ సంగతేంటి అని. ఏమీ మారదు, భయపడకండి అని చెప్పొచ్చాం. ఇప్పుడు నేనొచ్చి మీ పక్కన కూర్చుంటే మేం చెప్పినదానికి ఏం విలువుంటుంది?"

"ఒక ఆడదానికి వస్తే అందరికీ వచ్చినట్టేనని మీరే అన్నారు కదండీ, ఈ వంటింట్లోనే."

ఆవిడ మొహం ఎర్రబడింది. కిటికీలోంచి బయటికి చూసింది. "అన్నాను. అది నిజమే. కానీ అన్నీ ఒకేసారి కావు. కాస్త ఓపిక పట్టండి. గొడవ చెయ్యకుండా, చప్పుడు చెయ్యకుండా ఉంటే వాటంతటవే సర్దుకుంటాయి." తరవాత, ఏదో ఒకటి ఇవ్వకపోతే తోచనట్టు, "జిప్పీకి దగ్గెలా ఉంది? ఈ కేకు పట్టుకెళ్ళు" అంది.

మా అమ్మ పేరు జిప్పోరా. తెల్లవాళ్ళ ఇళ్ళలో, కంపెనీలో, దుకాణాల్లో జిప్పీ. యాభై ఐదేళ్ళ మనిషి.

ఇంటికి తెచ్చిన కేకు అమ్మ ముట్టలేదు. పర్లీ పిన్ని మాత్రం రెండు ముక్కలు తిని, "మనసు రాని చెయ్యి పెట్టిందైనా బాగానే ఉందే" అంది.

*

అక్టోబరు రెండు శనివారం. కూలి పోతే పోయిందని ఇరవై ఆరు మందిమి పొద్దున్నే కోర్టు వెనక మెట్ల దగ్గర చేరాం. అమ్మ నల్ల సిల్కు టోపీ పెట్టుకుంది, చర్చికి తప్ప ఎప్పుడూ పెట్టుకోదు. కింద గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, బల్లకి అవతల ఒక పడుచు గుమాస్తా. గోడ దగ్గర మాకు నిలబడే చోటు. మా తలలపైన చెక్క నేల మీద తెల్ల ఆడవాళ్ళ బూట్లు టకటకా నడుస్తూ వినబడేవి. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ, నవ్వులు.

టీచరమ్మ మొదట కూర్చుంది. ఎనిమిదీ ముత్యాల్లా రాసిచ్చింది. గుమాస్తా మూడుసార్లు చదివాడు, తప్పు దొరకలేదు, పుస్తకంలో ఎక్కించాడు. ఆవిడ లేచి వస్తూ మావైపు చూసి తలాడించింది. ఆ ఒక్క తలాడింపుకి మా అందరికీ ఒంట్లో బలమొచ్చింది. తరవాత కూర్చున్నామెకి వయసూ తేదీ పొసగలేదు, పంపేశాడు. మధ్యాహ్నం అయ్యేసరికి ఐదుగురు కూర్చున్నారు, ముగ్గురి పేర్లు ఎక్కాయి. గుమాస్తా అన్నానికి వెళ్ళి గంటన్నరకి వచ్చాడు.

మూడు కావస్తుండగా అమ్మని పిలిచాడు.

బైబిలు మీద చెయ్యి పెట్టించి నిజమే చెబుతానని ప్రమాణం చేయించాడు. అమ్మ కూర్చుని, టోపీ సర్దుకుని, పెన్ను తీసుకుంది. ఆమె తరవాత నేను, నా తరవాత పర్లీ పిన్ని. ఆమె వీపు నాకు రెండు బారల దూరంలో ఉంది. జిప్పోరా టాలివర్ అని రాయడానికి ఎంతసేపు పట్టిందో! ఒక్కో అక్షరానికీ భుజం కదిలేది, దాంతోపాటు నా భుజం కూడా. వయసు. తేదీ. ఊరు. ఇల్లు. ఆరోది, చేస్తున్న పని. అక్కడ పెన్ను ఆగింది.

ఏడోది రావడం లేదని ఆమె మెడ చూస్తేనే తెలిసింది నాకు. గుమాస్తా గోళ్ళు చూసుకుంటున్నాడు. పైన బూట్లు టకటకమన్నాయి. అమ్మ పెదవులు మూసుకునే, గొంతులోనే, ఆరో వరస ఎత్తుకుంది. మాట లేదు, ఉత్త రాగం. వెనక్కి ఒక అడుగు వేసి గెంతేవాళ్ళలా, ఆరో వరస పట్టుకుంటే ఏడోది వస్తుందని. చాలా చిన్నగా పాడింది. తనలో తనే అనుకున్నట్టు పాడింది. ఆ తరవాత, అలవాటు ప్రకారం, ఊపిరి కోసం ఆగింది.

నేను అందుకున్నాను.

అందుకోవాలని అనుకోలేదు. నోరు తెరుచుకున్నాకే నాకు తెలిసింది. నా వెనక పర్లీ పిన్ని అందుకుంది, ఆమె వెనక పద్దెనిమిది మంది అందుకున్నారు. ఆ రాతి గదిలో రాగం పొంగి పైకి లేచింది. పైన బూట్ల చప్పుడు ఆగిపోయింది. ఆ రాగం సాగినంతసేపట్లో అమ్మ పెన్ను గబగబా కదిలి ఏడోది రాసేసింది.

గుమాస్తా తలెత్తాడు. అరవలేదు. "ఏం పాట అది?" అని అడిగాడు.

కీర్తన అని ఉంటే సరిపోయేది. రాగం కీర్తనదే, అబద్ధం సగమే అయ్యేది. అమ్మ తన చేతిని చూసుకుంది, కాసేపటి కిందట బైబిలు మీద పెట్టిన చేతిని.

"మేం పనిలో పాడుకునేదండి."

"మాటలున్నాయా అందులో?"

"ఉన్నాయండి."

"ఏం మాటలు?"

"ఈ కాగితం మీద రాయాల్సినవేనండి."

గుమాస్తా కుర్చీలో వెనక్కి వాలి, మా వరసని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. "అయితే ఎవరో అందించారన్నమాట. మొదట అందించింది ఎవరు?"

అమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఎవరివైపు చూస్తుందో ఆమెకి తెలుసు. "మేం ఎప్పుడూ అందరం కలిసే పాడతామండి" అంది.

నేనే అని ఒక్క మాట అంటే అయిపోయేది. పాట అందుకోవడానికి అంత తొందరగా తెరుచుకున్న నోరు అప్పుడు కుట్టేసినట్టు బిగుసుకుంది. నన్నొక్కదాన్నే బయటికి పంపేవాడేమో, మిగిలినవాళ్ళని కూర్చోబెట్టేవాడేమో. అలా చేసేవాడు కాదని ఎంతోమంది నాకు చెప్పారు. వాళ్ళు చెప్పేది నిజమే కావచ్చు. నేను మాత్రం ఆ ఒక్క మాట అనలేదు, పర్లీ పిన్ని మోచెయ్యి నా వీపుకి తగులుతున్నా అనలేదు.

"చట్టంలో ఉంది" అన్నాడు గుమాస్తా. "ఎవరి సాయమూ ఉండకూడదు. సాయం పుచ్చుకున్నవాళ్ళదీ చేసినవాళ్ళదీ తీసుకోను. వచ్చే ఏడు రండి." అమ్మ ముందున్న కాగితం లాక్కున్నాడు.

"ఎనిమిదోది మిగిలింది నాయనా" అంది అమ్మ. "చెల్లకపోతే చెల్లకపోయింది. అది కూడా రాసిచ్చి పోతాను."

"అక్కర్లేదు."

ఎనిమిదోది, ఇదివరకు ఓటేశావా అన్నది. లేదు అని రాయడానికి ఎంతసేపు పడుతుంది?

బయట ముందు మెట్ల మీదికి తెల్ల ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు, పాట విని. ఎథరిడ్జ్ దొరసాని రెండు మెట్లు దిగి, "ఏమైంది జిప్పీ?" అని అడిగింది. నిజంగానే కంగారు పడుతూ అడిగింది.

"ఏం లేదమ్మగారూ" అంది అమ్మ. "చప్పుడు చేశాం."

*

మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. పర్లీ పిన్ని వచ్చి, గుమాస్తా నడక వెక్కిరించి చూపించింది, నవ్వించాలని. తానే మధ్యలో ఆపేసి, "ఒక్క గంటలో నా వంతొచ్చేదే" అని, అన్నందుకు సిగ్గుపడి వెళ్ళిపోయింది. మా ఇంట్లో మాత్రం పాట ఆగిపోయింది. పొయ్యి రాజేస్తూ, బట్టలు ఆరేస్తూ పొద్దస్తమానం ఏదో ఒకటి పాడే మనిషి అమ్మ. ఇప్పుడు ఎత్తుకోబోయి, నావైపు చూసి, మింగేసేది. నేనూ అందుకోవాల్సి వస్తుందేమోనని గది మారేదాన్ని. ఇద్దరమే ఉండే ఇల్లు. ఇద్దరం ఒకళ్ళనించి ఒకళ్ళం దాక్కుంటూ నెల గడిపాం.

నవంబరు రెండున ఓట్లు. మధ్యాహ్నం అన్నం వేళకి టీచరమ్మ కంపెనీ గేటు దగ్గరికి వచ్చింది. పొద్దున్న ఎనిమిదికి వెళ్తే పదకొండింటికి వేయనిచ్చారట. మావాళ్ళు మొత్తం తొమ్మిది మంది ఆడవాళ్ళు వేశారట.

అమ్మ ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "పెట్టె ఎంతుంది?" అని అడిగింది. "చెక్కదా, రేకుదా? కాగితం లోపల పడ్డప్పుడు చప్పుడైందా?"

"చెక్కదే. చప్పుడేం కాలేదు జిప్పోరా."

"కాదులే మరి, కాగితమే కదా" అని నవ్వింది అమ్మ. ఆ నవ్వు చూడలేక నేను ఖాళీ పీపాల వెనక్కి పోయి కూర్చున్నాను. కాసేపటికి ఆమె వచ్చి పక్కన కూర్చుంది. మోకాళ్ళ మీద పొగాకు మరకలు గోకుతూ అంది.

"ఆ రోజు మొదట పలికింది నువ్వేనని నాకు తెలుసే."

నేను పక్కనున్న పీపా అంచు పట్టుకున్నాను.

"ఇరవై రెండేళ్ళుగా వింటున్న గొంతు. రెండు వందల మందిలో ఉన్నా గుర్తుపడతా. నేను పిలిచాను, నువ్వు పలికావు. కన్నపిల్ల పలికితే తప్పని వాళ్ళ చట్టంలో రాసుకున్నారేమో, రాసుకోనీ. మనింట్లో అది తప్పు కాదు."

"మరి నేనే అని చెప్పలేదు కదమ్మా."

దానికి ఆమె జవాబు చెప్పలేదు. అబద్ధం చెప్పే మనిషి కాదు. నా తలమీద ఇరుక్కున్న ఈనె ముక్క ఒకటి తీసి పారేసి, "పద, గంట కొడతారు" అంది.

ఆ మధ్యాహ్నం బల్ల దగ్గర అమ్మ గుడ్డ కిందికి లాగింది. నెల తరవాత మొదటిసారి. ఎత్తుకున్నది పాత కీర్తనే, ఎవరికీ ఏ అపకారం చెయ్యనిది. పాడింది, నావైపు చూసి ఆగింది. నా కోసమే ఆగిందని తెలిసి బల్లంతా ఆగింది. పర్లీ పిన్ని కూడా. నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. అమ్మ ఒక ఊపిరి చూసింది, ఇంకో ఊపిరి చూసింది. తరవాత తన వరస తనే అందుకుని, పిలుపూ పలుకూ రెండూ ఒక్కతే పాడుకుంటూ ఆకు తీసుకుంది. మిగిలినవాళ్ళు కొంచెం ఆలస్యంగా కలిశారు.

ఆ చలికాలం దగ్గు ఆమెని మంచం పట్టించింది. మంచంలో కూడా అప్పుడప్పుడూ సన్నగా ఎత్తుకునేది, ఆగేది. నేను దుప్పటి సర్దేదాన్ని, నీళ్ళిచ్చేదాన్ని, పొయ్యిలో కట్టె పెట్టేదాన్ని. అందుకోవడం తప్ప అన్నీ చేశాను. ఫిబ్రవరిలో పోయింది.

ఆ తరవాతి సెప్టెంబరులో నేను కోర్టు కింది గదికి ఒక్కదాన్నే వెళ్ళాను. రద్దీ లేదు. నా వెనక వరసలో ఎవరూ లేరు. అదే బల్ల, వేరే గుమాస్తా. తెల్లకాగితం పెట్టాడు. పేరు, వయసు, తేదీ, ఊరు, ఇల్లు, పని, రెండేళ్ళ కిందటి సంగతి, ఇదివరకు ఓటేయలేదు. పెదవి కదలకుండా ఎనిమిదీ రాసి ఇచ్చాను. అతను రెండుసార్లు చదివి, పుస్తకం తెరిచి, హెస్టర్ టాలివర్ అని ఎక్కించాడు. మా అమ్మ కోరుకున్న ఇంటిపేరు, పంతొమ్మిదేళ్ళ తరవాత, ఆ పుస్తకంలోకి మళ్ళీ వచ్చింది. సంతోషించాల్సిన రోజే.

కాని నిజం చెబుతున్నాను. ఆరోది రాశాక నా చెయ్యి ఆగింది. ఏడోది తెలియక ఆగలేదు. వెనక ఎవరైనా ఎత్తుకుంటారేమోనని విన్నాను. ఆ గదిలో అప్పుడు అమ్మ గొంతు వినబడి ఉంటే, కాగితం పోయినా, పేరు పోయినా, నేను అందుకునేదాన్ని.